సమస్యాపూరణం: తల్లి విడిచిన బిడ్డలే ధన్యులైరి

నిర్వాహకుడు (బరంపురం):

ఈ వారం సమస్య తేటగీతి ఛందంలోని చివరి పాదం, ముందరి మూడు పాదాలను మీరు పూరించాలి.

తల్లి విడిచిన బిడ్డలే ధన్యులైరి

బిడ్డలను విడిచిన తల్లిని లోకం నిందిస్తుంది. ఆ విడువడమే బిడ్డలకు ధన్యత ఎట్లా అయిందన్నది ఇందులోని చిక్కు. పూరణలో సముద్రతీరపు నడక ఉండాలన్నది నా నియమం. ఏప్రిల్ సెలవులలో పిల్లాపాపలతో గోపాలపురంలో రెండు రోజులుండి, మూడవ నాటి తెల్లవారుజామున పురుణబంధ చేరుకొని, సరుగుడు తోపులోంచి ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు దాకా నడిచినప్పుడు నాకు తట్టిన పాదమిది. ఒడిశాలోని మన గంజాం జిల్లా వారికి ఆ దారి కొత్త కాదు కనుక, పద్యం నిఘంటువులోంచి కాక కాళ్ళకంటిన ఇసుకలోంచి రావాలని కోరుతున్నాను.

ఛత్రపురం మాస్టారు:

ఇసుక గుంటలో గ్రుడ్లుంచి యెటకొ సాగ
గడువ నేబది దినములు కచ్ఛపములు
నింగి యంచున వెలుగెంచి నీటిఁ జేరె
తల్లి విడిచిన బిడ్డలే ధన్యులైరి

నిర్వాహకుడు:

మాస్టారూ, కచ్ఛపములను, అంటే తాబేళ్ళను, తెచ్చారు; సమస్యకు సూటియైన పరిష్కారమిదే. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళు వేల సంఖ్యలో ఒడ్డుకెక్కి, ఒక్కొక్కటి గుంట తవ్వి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోతాయి. గుడ్లను పొదిగేది ఇసుక వేడిమి. ఆ వేడిమిని బట్టి 45 నుంచి 60 రోజులలో పిల్లలు బయటపడతాయి కాబట్టి మీ ‘ఏబది దినములు’ ఛందస్సు కోసం వేసిన లెక్క కాదు. మూడవ పాదం నాకు మిక్కిలి నచ్చింది. చీకటిలో బయటికి వచ్చిన పిల్ల ఏ దిక్కున ఆకాశపు అంచు ఎక్కువ వెలుగుగా ఉంటే ఆ దిక్కుకు పాకుతుంది. కృత్రిమ దీపాలు లేని తీరంలో ఆ వెలుగు సముద్రం వైపే ఉంటుంది. ‘వెలుగెంచి’ అన్న ఒక్క మాటలో మీరు దానిని పట్టుకున్నారు.

‘చేరె’ అని నపుంసకంగా చెప్పి ‘ధన్యులైరి’ అనడం కొంత ఎగుడుదిగుడుగా ఉన్నా, నడుమ వచ్చిన ‘బిడ్డలు’ అన్న మాట ఆ భారాన్ని మోస్తుంది. నా ఆక్షేపణ వేరొకటి ఉన్నది. కాకులకు, కుక్కలకు, పీతలకు చిక్కక నీటిని చేరే పిల్లలు కొన్నే కదా, అన్నింటినీ ధన్యులనవచ్చునా? పైగా నేనడిగిన నడక ఏది?

ఛత్రపురం మాస్టారు:

నీటిఁ జేరినవే ధన్యములని మూడవ పాదం చెప్పుచున్నది. నడక మాటకు వస్తే, పుట్టిన క్షణంలోనే ఆ తీరాన నడచిన వారు నా పద్యంలో ఉన్నారు. తమరు మనుషుల నడకే కావాలని చెప్పలేదు.

నిర్వాహకుడు:

ఒప్పుకున్నాను.

గోపాలపురం అక్కయ్య:

సరుగుడాకులు పఱచిన సన్నబాట
యంతమొందగ నిసుకపై నడుగులిడుచు
తడికి బరువని చెప్పులఁ దారిలోన
తల్లి విడిచినఁ, బిడ్డలే ధన్యులైరి

నిర్వాహకుడు:

ఆహా, అక్కయ్యగారూ! ‘విడిచిన’ను విశేషణంగా కాక ‘విడువగా’ అన్న అర్థంలో విఱిచి, విడిచినది బిడ్డలను కాదు చెప్పులను అని తేల్చారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు నేలకూలిన సరుగుడు చెట్లను చూసిన నాకు, మీ మొదటి పాదంలోని మెత్తని బాట ప్రాణం లేచివచ్చినట్లున్నది. అయితే తల్లి చెప్పులు విడిస్తే బిడ్డలు ధన్యులెందుకయ్యారో పద్యం చెప్పలేదు, పాఠకుడే ఊహించుకోవాలి. మూడవ పాదాన్ని ఇట్లా మార్చి చూడండి.

చేతఁ గొనిపోవఁ జెప్పులఁ జెలఁగి తారు

గోపాలపురం అక్కయ్య:

మార్పును సంతోషంగా స్వీకరిస్తున్నాను. తడి బరువు పోయినందుకు మాత్రం కొంచెం బాధగా ఉన్నది, ఎందుకంటే ఆ నాడు మా అమ్మ చెప్పులు నిజంగానే బరువెక్కాయి.

సోరడా తమ్ముడు:

నాకు మూడవ పాదం మాత్రమే కుదిరింది, పెద్దలు సరిచూడగలరు.

చేయి విడిచిన నలలతో నాడుకొనుచు

నిర్వాహకుడు:

తమ్ముడూ, ‘చే’కు ‘నా’తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో ఉండవలసిన మైత్రి, చెల్లదు. ‘నలలతోఁ జెలిమి జేసి’ అంటే చెల్లుతుంది కానీ, సమస్యలో ఉన్న ‘విడిచిన’నే మరల వాడడం పునరుక్తి. అంతకంటె పెద్ద దోషం లోకజ్ఞానానికి సంబంధించినది. మన గోపాలపురం ఒడ్డున అల విరిగి వెనుదిరిగే వేళ కాళ్ళకింది ఇసుకను లాగివేస్తుంది. అక్కడ పిల్లల చేయి విడిచే తల్లిని నేను మెచ్చుకోలేను, ఆ బిడ్డలను ధన్యులనలేను.

సోరడా తమ్ముడు:

మా ఊరి మీదుగా పోయే ఏటి మీద మరొకటి వ్రాశాను.

కొండ దిగివచ్చి ఋషికుల్య కోరి కడలిఁ
గలయు చోటున సైకత కణములగుచుఁ
గమఠములకును బురుడింటి గదులు నైన
తల్లి విడిచిన బిడ్డలే ధన్యులైరి

ఛత్రపురం మాస్టారు:

ఇది నా పద్యాన్ని మించినది. నేను తాబేలును తల్లిని చేస్తే, ఈ అబ్బాయి ఏటిని తల్లిని చేసి, అది మోసుకువచ్చి విడిచిన ఇసుక రేణువులను బిడ్డలుగా చూసి, వాటినే మరొక తల్లికి పురిటిల్లుగా కట్టాడు. ‘గదులునైన’లోని సముచ్చయం (‘కూడా’ అన్న అర్థం) పాదపూరణకే వచ్చిందన్నది తప్ప నాకు వంక దొరకలేదు.

నిర్వాహకుడు:

నాకూ దొరకలేదు. దరింగబాడి కొండలలో పుట్టిన ఏరు సుమారు 165 కిలోమీటర్లు నడిచి వచ్చి ఇసుకను విడుస్తుంది కనుక, నేనడిగిన నడక కూడా ఇందులో ఉన్నట్లే. నదీముఖం దగ్గరి ఇసుక తిన్నె ఏటేటా చోటు మారుతుంటుంది. నిరుటి ఫోటోను పట్టుకొని ఈ ఏడు అక్కడికి వెళ్ళిన మా పిల్లలు దారి తప్పామనే అనుకున్నారు. ఈ వారం ప్రథమ స్థానం సోరడా తమ్ముడిదే.

ఆ తెల్లవారుజామున తాబేలు పిల్లలకు కాపలా ఉన్నవారు మా చేతిలోని టార్చిలైట్లను ఆర్పించారు. మొదట కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు కానీ, కాసేపటికి నురుగు అంచు, దాని పక్కన తడి ఇసుక విడివిడిగా కనిపించసాగాయి. వచ్చే వారానికి ఆటవెలది నాలుగవ పాదమిది:

దీపమార్పి చూడఁ దెలియు దారి