చూడ చూడ … జాడ వేరయా: మధ్యలో ఏముంది?

నీలిమంట: పరమాణు వర్ణపటాల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నా. డిగ్రీలో మా ల్యాబ్ మాష్టారు సోడియం ల్యాంప్ వెలిగించి, స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చోబెట్టేవారు. గ్రేటింగ్ వరసగా ఇచ్చే వర్ణపటాల్లో మొదటి క్రమంలో అతుక్కున్నట్టున్న పసుపు గీత రెండో క్రమానికొచ్చేసరికి చక్కగా విడిపోయేది: 589.0, 589.6 నానోమీటర్లు. అప్పుడు వేమన పాదం ఒకటి అనేవారు, "చూడ చూడ … జాడ వేరయా" అని. మధ్యలో రూపులా, రుచులా?

గణపిచ్చి: రుచులే. "రూపుల" భగణం (గురువు, రెండు లఘువులు), అక్కడ పట్టదు. అన్నట్టు "వేరయా" కాదండీ, "వేరు". ఆటవెలది రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే (మూడు లఘువులో, గురువూ లఘువో), "యా"కి చోటేదీ? అది మూడో పాదంలోది, "పుణ్యపురుషులు వేరయా".

పాతబడి: అచ్చులో "జాడ వేరయా" నేనే చూశాను.

గణపిచ్చి: అచ్చేస్తే గణం కుదురుతుందా మాష్టారూ!

రోచిస్సు: నా గోల వేరు. రుచి నాలుక మీదిదేనా? కాంతి అనీ అర్థముంది. రుచిరం, రోచిస్సు ఆ ధాతువు నుంచే. కాంతుల జాడ వేరు! పైగా ఆ పసుపు ఎవరిది? ఉప్పుదేగా. పొయ్యిలో చిటికెడు ఉప్పు చల్లండి, ఆ జంట గీతల వెలుగే.

గణపిచ్చి: ముచ్చటగా ఉంది గానీ, వేమన్నని వంటింట్లోంచి లాగకండి. "రుచి చూడు" అనమూ? ఆ చూడటమే ఇది.

పాతబడి: కప్పురం రుచి ఎవరు చూశారట?

గణపిచ్చి: చక్కెర పొంగలిలో పచ్చకర్పూరం ఓ పలుకు ఎక్కువ వెయ్యమనండి ఇంట్లో, తెలుస్తుంది.

నీలిమంట: నా చిక్కు ఇంకోటుంది. ఎలక్ట్రాన్ స్పిన్‌కి, కక్ష్యలో దాని తిరుగుడుకి ఉన్న లంకె వల్ల ఆ గీత రెండయింది. ఆ కాంతి శక్తి 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండు గీతల మధ్య తేడా అందులో వెయ్యో వంతు. ఇది సూక్ష్మ నిర్మాణం, సరే. కేంద్రకం స్పిన్ వల్ల వచ్చే చీలిక ఇంకా సన్నం. సీజియంలో అలాంటి చీలిక తాలూకు 9,19,26,31,770 కంపనాలే 1967 నుంచి మనకు సెకను. ఇంగ్లీషులో హైపర్‌ఫైన్ అనే దీన్ని "అతిసూక్ష్మ" అంటే సరిపోతుందా?

రోచిస్సు: "అతి"లో మితిమీరిన వాసనుంది. "లోచీలిక" అనండి.

గణపిచ్చి: అతిమధురం మితిమీరిందా?

పాతబడి: అవన్నీ సరే, ఆ పాదంలో యతేదీ? చకార జకారాలకి మైత్రి ఉన్నా ఊకారానికి ఆకారం కుదరదే.

గణపిచ్చి: ప్రాసయతి మాష్టారూ, రెండో అక్షరం కలిస్తే చాలు. చూడ, జాడ.