లిల్లీ కుండీ నిండా ఆకులే, పూలు రావట్లేదు

మిద్దెతోట సిద్దిపేట:
అందరికీ నమస్తే. మా మేడ మీద పెద్ద కుండీలో లిల్లీ ఉంది, అదే నేల సంపెంగ, ఒంటిరెక్కది. పెట్టిన ఏడాది బాగా పూసింది, సాయంత్రమైతే ఇల్లంతా వాసన, ఆ తర్వాత నుంచి గడ్డిలా ఒత్తుగా ఆకులే తప్ప ఒక్క కాడ రాలేదు. నెలనెలా వర్మీకంపోస్ట్, అప్పుడప్పుడు కొంచెం యూరియా, రోజూ నీళ్లు. శ్రావణ శుక్రవారాలకి ఇంటి పూలే అమ్మవారికి పెట్టాలని ఆశ. ఇంకోటి, ఆన్‌లైన్‌లో తులిప్ గడ్డలు చూశా, మన దగ్గర పూస్తాయా?

కడియం పక్కన:
మీ మొక్కకి జబ్బేం లేదండి, గడ్డలు ఇరుక్కుపోయాయి అంతే. లిల్లీలో ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదు, దాని చుట్టూ పుట్టిన పిల్లగడ్డలు లావెక్కి అవి పూయాలి, కుండీలో చోటు లేకపోతే అవి ఎక్కడ ఎదుగుతాయి చెప్పండి. యూరియా ఆపేయండి, దాంతో ఆకే వస్తుంది. శివరాత్రి వెళ్లింది కాబట్టి ఇదే టైమ్, నీళ్లు మానేసి ఆకులు పసుపెక్కాక కుండీ బోర్లించి గడ్డలు విడదీయండి, మట్టి దులిపి నీడలో గాలి తగిలేచోట ఓ నెల పరిచి ఉంచండి, ఆ రెస్ట్ చాలా అవసరం. రెండు సెంటీమీటర్లకి పైన లావున్నవే పూల కోసం పెట్టుకోండి, చిన్నవి వేరే తొట్టిలో వేస్తే వచ్చే ఏటికి పనికొస్తాయి. 12 అంగుళాల కుండీకి మూడు నాలుగు గడ్డలు, 5 సెంటీమీటర్ల లోతు చాలు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక, గుప్పెడు వేపపిండి. మొలక వచ్చేదాకా నీళ్లు తక్కువ, లేకపోతే కుళ్లిపోతాయి. ఎండ రోజుకి ఆరు గంటలైనా పడాలి. ఏప్రిల్ నడిమికి నాటితే మూడు నెలలు దాటాక కాడలు, మీ శ్రావణానికి అందుతాయి.

చేనుగట్టు:
పైన అన్న చెప్పింది కరెక్టే, కాకపోతే ఏటేటా తవ్వక్కర్లేదు. పొలంలో అయితే ఒకసారి నాటి మూడేళ్లు ఉంచుతాం, కుండీకి రెండేళ్లకోసారి చాలు. కొత్త గడ్డలు కొంటే ప్రజ్వల్ అడగండి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల రకం, మొగ్గకి కొంచెం గులాబీ ఛాయ ఉంటది, దండలకి బాగుంటది. సువాసిని ముద్ద రకం, చూడ్డానికి అందం, వాసన మాత్రం ఒంటిరెక్కదే గొప్ప.

ఎడిసన్ తోటమ్మ:
తులిప్ గురించి నేను చెప్తా. దానికి పూమొగ్గ సాగాలంటే మూడు నాలుగు నెలలు గట్టి చలి కావాలి, పది డిగ్రీల లోపు. మేం న్యూజెర్సీలో అక్టోబర్, నవంబర్‌లో నాటేస్తే చలికాలమంతా చల్లటి మట్టిలోనే ఉండి ఏప్రిల్‌లో పూస్తాయి, అదీ జింకలూ ఉడతలూ మిగిలిస్తే. శ్రీనగర్ తులిప్ తోట కూడా మార్చి దాకా తెరవరు. సిద్దిపేటలో ఫ్రిజ్‌లో పెట్టి పూయించొచ్చు, అయితే పక్కన యాపిల్స్ అరటిపళ్లు ఉండకూడదు, పళ్ల నుంచి వచ్చే గ్యాస్‌కి లోపలి మొగ్గ చచ్చిపోతుంది. అంత చేసినా మన ఎండకి రెండో ఏడు రావు, ఆ డబ్బుతో రెయిన్ లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ కొనుక్కోండి అక్కా. మొదటిది వాన పడ్డ కొన్నాళ్లకే విచ్చుకుంటుంది. రెండోది చలికాలంలో ఆకులెండి కనపడకుండా పోతుంది, పోయిందని పారేయొద్దు, మే నెలలో ఎర్రటి బంతిలా లేస్తుంది.

మిద్దెతోట సిద్దిపేట:
చాలా చాలా థాంక్స్ అండి, తులిప్ మానేస్తున్నా. నీళ్లు ఈరోజు నుంచే ఆపేశా. ఆకులు ఇంకా పచ్చగా ఉన్నాయి, కోసేసి ఇప్పుడే తవ్వనా?

కడియం పక్కన:
వద్దండి, ఆకు పచ్చగా ఉన్నన్నాళ్లు దాంట్లో బలం గడ్డలోకి దిగుతూనే ఉంటుంది. వాటంతటవే ఎండనివ్వండి, రెండు మూడు వారాలు ఆలస్యమైనా పర్లేదు.