ఎడమ చేతిలోకి మారిన గరిటె: ఎంగిలిని విదేశీ స్నేహితురాలికి ఎలా వివరించాలి?

ప్రశ్న (తెనాలి అమ్మాయి):
నాతో పనిచేసే జర్మన్ స్నేహితురాలు సంక్రాంతికి మా ఇంటికి వచ్చి వెళ్లింది. ముగ్గులకన్నా, గొబ్బెమ్మలకన్నా ఆమె దృష్టి మా భోజనాల మీదే ఎక్కువగా నిలిచింది. పులుసులో ఉప్పు చూడటానికి అమ్మ గరిటెను నోటికి తగిలించకుండా, అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని రుచి చూసి, వెంటనే చేయి కడుక్కోవడాన్నీ, నాన్న సీసా పెదవికి ఆనకుండా నీళ్లు ఎత్తిపోసుకోవడాన్నీ ఆమె శ్రద్ధగా గమనించింది. ఎడమ చేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వకూడదని ఆమెకు నేనే ముందుగా చెప్పి ఉంచాను. తీరా భోజనం మధ్యలో మేమంతా ఎడమ చేత్తోనే గరిటె పట్టుకుని వడ్డించుకోవడం చూసి, నియమం ఇంతలోనే మారిపోయిందా అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. పెద్దలు ఎవరైనా చెప్పగలరా?

సమాధానం (బందరు మాస్టారు):
నియమం మారలేదమ్మా, రెండు నియమాలు ఎదురుపడినప్పుడు పెద్దది నెగ్గింది. అన్నం కలిపిన కుడి చేయి ఎంగిలి చేయి. ఆ చేత్తో గరిటె ముట్టుకుంటే గిన్నెలోని కూరంతా ఎంగిలవుతుంది కనుక, ఆ పూటకు ఎడమ చేతికి మినహాయింపు దొరుకుతుంది. నైవేద్యానికి వండే పులిహోర విషయంలోనైతే అరచేతి చుక్కకు కూడా వీల్లేదు. ఉప్పు సరిపోయిందో లేదో దేవుడికి పెట్టిన తరువాతనే తెలుస్తుంది. పరాయివారి కంట ఇది పడటం కొత్త కాదు. 13వ శతాబ్దం చివరినాటి కోరమండల్ తీరం గురించి చెబుతూ మార్కో పోలో, ఇక్కడివారు కుడి చేత్తోనే తింటారనీ, పాత్రను పెదవికి తగలనివ్వరనీ, సొంత పాత్ర లేని కొత్తవాడికి దోసిట్లో నీళ్లు పోస్తారనీ పేర్కొన్నాడు. ఇంత మామూలు సంగతిని పనిగట్టుకుని రాయాలని మనవాళ్లకు తోచదు.

సమాధానం (గోదారి గట్టు):
శుభ్రత కోసమేనని చెప్పండి, సరిపోతుంది. 1792 నుంచి మూడు దశాబ్దాలు దక్షిణాదిలో గడిపిన ఫ్రెంచి మతబోధకుడు అబే డుబ్వా, యూరోపియన్లు రుమాలులో చీమిడి తుడుచుకుని దాన్నే జేబులో దాచుకోవడం చూసి ఇక్కడివారు ఎంతగా ఏవగించుకునేవారో రాశాడు. అది కూడా చెబితే మీ స్నేహితురాలు నవ్వుకుంటారు.

సమాధానం (పాలమూరు చదువరి):
శుభ్రత అని చెప్పి ఊరుకుంటే ఆమెకు సగమే చెప్పినట్లవుతుంది. పైన మాస్టారు గారు ప్రస్తావించిన దోసిలి, పరాయి యాత్రికుడికి మర్యాదగా కనిపించి ఉండవచ్చు గానీ, మన ఊళ్లలో దళితుల దోసిళ్లలోకి చెంబు తగలకుండా పైనుంచి నీళ్లు పోసిన పద్ధతి కూడా అదే. టీ కొట్లలో వారికి వేరే గ్లాసులు పెట్టడం నిన్నమొన్నటి వరకూ నడిచింది. కొన్నిచోట్ల ఇంకా పోలేదు. ఇంటివాళ్ల ఎంగిలి కడిగితే పోతుంది, ఆ గ్లాసుకు అంటిందనుకున్నది మాత్రం ఎంత కడిగినా పోలేదు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాద్‌లో, దళితులను ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్లను అంబేడ్కర్ తాగడం అంత పెద్ద ఘటన ఎందుకయిందో ఈ నేపథ్యం తెలియనివారికి అర్థం కాదు. మీ నాన్నగారి సీసా గురించి చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాలని నా అభిప్రాయం.

సమాధానం (జామచెట్టు):
చదువరి గారి మాట కాదనలేనిది. అయితే పిల్లలు ఈ నియమానికి ఎప్పుడో దారి కనిపెట్టారని కూడా ఆమెకు చెప్పండి. చొక్కా అంచు కప్పి జామకాయ కొరికి సగం పక్కవాడికిస్తే అది కాకి ఎంగిలి, దానికి దోషం లేదు. వచ్చేసారి ఆమె చేత ఒకటి కొరికించండి. చొక్కా మాత్రం పాతది వేసుకోమనండి.