వేప చెట్టుకు 50 ఏళ్లు దాటాయని ఎలా రుజువు చేయాలి?

మాది చంద్రపూర్ జిల్లాలో చిన్న పట్టణం. డ్రైనేజీ కోసం మా వీధి వేప చెట్టు కొట్టేస్తామని 3వ తేదీన నోటీసు పెట్టారు, అదీ ఆ చెట్టుకే మేకు కొట్టి! మహారాష్ట్రలో 1975 నాటి పట్టణ చెట్ల చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 50 ఏళ్లు నిండితే అది హెరిటేజ్ చెట్టు, కొట్టడం అంత తేలిక కాదు. అభ్యంతరం రాసిస్తే "వయసుకు రుజువేది?" అన్నారు.

ఛాతీ ఎత్తున చుట్టుకొలత టేపుతో కొలిచాను, 2.7 మీటర్లు. 1979లో అక్క పెళ్లి పందిరి దీని కిందే వేశారు, ఫోటోలో మాను అప్పటికే నా నడుమంత లావుంది. చూపిస్తే "ఇదే చెట్టని నమ్మకమేంటి" అని తోసేశారు. పెద్దవాళ్ల సాక్ష్యం సరేసరి. లోపలి వయసు వలయాలు లెక్కపెట్టడానికి మానుకు రంధ్రం వేయించి చూడటం నాకిష్టం లేదు. హియరింగ్‌కు ఇంకా 4 రోజులే.

ఇలాంటి కేసులో మీకు ఏ కాగితం, లేదా ఎవరి సర్టిఫికెట్ చెల్లింది?