పాప కస్టడీ తీర్పు మీద హైకోర్టుకు వెళ్లాలా, ఉన్నదాంతో సరిపెట్టుకోవాలా?

గుంటూరు నాన్న:
అందరికీ నమస్కారం. మా పాపకు ఏడేళ్లు. మూడు వారాల క్రితం ఫ్యామిలీ కోర్టు పాపను వాళ్లమ్మకే అప్పగించింది. నాకు నెలకు రెండు శనివారాలు, రెండేసి గంటలు, అదీ కోర్టు ఆవరణలోనే. మొన్న వెళ్తే నా పక్కనే కూర్చుని జామకాయ తింటూ మాటిమాటికీ గోడ గడియారం వైపు చూస్తోంది. "నాన్నా, పెద్దముల్లు పన్నెండు మీదికొస్తే వెళ్లిపోవాలా?" అని అడిగింది. అప్పట్నుంచి నిద్ర లేదు. బావగారేమో అప్పీలు వేసెయ్ అంటున్నారు, అమ్మేమో వద్దురా, పగలు ఇంకా పెరుగుతాయి అంటోంది. మీరేమంటారు?

హనుమకొండ శ్రీలత:
తమ్ముడూ, నేను అవతలి వైపు నిలబడిన మనిషిని. బాబును నాకిచ్చాక వాళ్ల నాన్న అప్పీలుకు వెళ్లాడు. వాయిదా అంటే చాలు, ముందురోజు రాత్రి బాబు అన్నం ముట్టేవాడు కాదు, ఎవరూ చెప్పకపోయినా ఇంట్లో మా మొహాలు చూసి కనిపెట్టేసేవాడు. అందుకే వద్దంటున్నా. కస్టడీ ఉత్తర్వు రాతిమీద గీత కాదు, పిల్లల అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. కొన్నాళ్లాగి అదే కోర్టును అడుగు.

వకీలు గుమస్తా:
అక్కా, మార్చుకోవచ్చన్న మాట నిజమే, కానీ అలా అడగాలంటే తీర్పు తర్వాత పరిస్థితులు మారాయని చూపించాలి. తీర్పులోనే తప్పుందంటే దారి అప్పీలే. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్ కింద 30 రోజుల్లో హైకోర్టులో వేయాలి, ఇద్దరు జడ్జీల బెంచ్ వింటుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలు) కోసం పట్టిన రోజుల్ని గడువులో లెక్కపెట్టరు గానీ ముందు కాపీ అప్లికేషన్ పెట్టుండాలి కదా. కేసు నడుస్తుండగా ఇచ్చే మధ్యంతర ఉత్తర్వుల మీదా, రాజీపడి తీసుకున్న డిక్రీ మీదా ఈ సెక్షన్ కింద అప్పీలు ఉండదు. ఇంకోటి, అప్పీలు వేయగానే తీర్పు ఆగిపోదు, స్టే వేరే అడగాలి. అందుకని అప్పీలు వేశాను కదా అని శనివారాలు మానేయకండి, మా ఆఫీసుకొచ్చే నాన్నలు చాలామంది చేసే తప్పు అదే.

గుంటూరు నాన్న:
కాపీకి ఇంకా పెట్టలేదండీ, తొమ్మిది రోజులే ఉన్నాయి! తీర్పులో నాకు రాత్రి షిఫ్టులని, పాపను చూసుకునే వీలు లేదని రాశారు. నేను పగటి డ్యూటీకి మారి ఏడాది దాటింది, కంపెనీ ఇచ్చిన లెటర్ కోర్టు రికార్డులో సాక్ష్యంగా (ఎగ్జిబిట్‌గా) మార్క్ కూడా అయింది, తీర్పులో మాత్రం దాని ఊసే లేదు.

విశాఖ మేనత్త:
అదిగో, పట్టు దొరికింది. అయితే బాబూ, హైకోర్టును నువ్వు ఏం అడగబోతున్నావన్నదే అసలు సంగతి. పాపను పూర్తిగా నాకివ్వండి అంటే మళ్లీ మొదట్నుంచీ యుద్ధం. శని, ఆదివారాలు మా ఇంట్లో, సెలవుల్లో సగం అంటే అది వేరే మాట. కస్టడీ ఒకరికిచ్చినా రెండోవారిని కలిసే సమయం తగినంత ఉండాలని సుప్రీంకోర్టు 2020లో ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. నెలకు నాలుగు గంటలు ఏ లెక్కన తగినంత?

వకీలు గుమస్తా:
అలా అడగడమే మేలు. పాపతో జడ్జిగారు విడిగా మాట్లాడాలని కూడా కోరవచ్చు. తెలిసి చెప్పే వయసుంటే పిల్లల ఇష్టాన్ని చూడొచ్చని 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్‌లో ఉంది.

హనుమకొండ శ్రీలత:
ఇది మాత్రం ఒప్పుకోను. అమ్మా, నాన్నా అని ఏడేళ్ల పిల్లను అడగడం ఎంత బరువో మీకు తెలీదు. మా వాడు ఇప్పటికీ ఆ రోజు నేను తప్పు చెప్పానా అమ్మా అని అడుగుతాడు. తమ్ముడూ, లెటర్ సంగతి విన్నాక అప్పీలు వద్దని అనలేను. కాగితాల మీద ఎంతైనా కొట్లాడు, పాపను మాత్రం సాక్షిని చేయకు.

గుంటూరు నాన్న:
సరే అక్కా, ఆ అభ్యర్థన పెట్టను. కలిసే సమయం కోసమే వేస్తాను. పొద్దున్నే కాపీ అప్లికేషన్ ఇచ్చేస్తా. ఈ శనివారం ఇద్దరం ఆ గడియారానికి వీపు పెట్టి కూర్చుంటాం.