సర్వీసు నుంచి పరికరాల తయారీ వైపు: ఫోటోమీటర్‌లో జీరో నిలవడం లేదు

ప్రశ్న:
ఆసుపత్రి పరికరాల సర్వీసులో ఉన్నాను, ల్యాబ్ పరికరాల డిజైన్‌లోకి మారాలని ఉంది. అభ్యాసానికి 505 నానోమీటర్ల ఎల్ఈడీ, బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్‌తో (వెలుతురును కరెంటుగా మార్చే భాగం) గ్లూకోజ్ ఫోటోమీటర్ కట్టాను, అంటే ద్రావణం ఎంత వెలుతురు పీల్చుకుందో చూసి గ్లూకోజ్ కొలిచే పరికరం. నీళ్లు పెట్టినా పది నిమిషాల్లో అబ్సార్బెన్స్ (వెలుతురు పీల్చుకున్న కొలత, నీళ్లకు సున్నా ఉండాలి) 0.01 పైకి పోతోంది. అబ్సార్బెన్స్ 1.5 దాటాక గాఢతతో గీసిన గ్రాఫ్ సరళరేఖగా పోక వంగుతోంది. ఎక్కడ చూడాలి? ఉద్యోగానికి ఇది పనికొస్తుందా?

జవాబు 1:
0.01 అంటే వెలుతురు 2.3 శాతం తగ్గినట్టు. ముందు ఎల్ఈడీ ఆర్పి డార్క్ రీడింగ్ చూడండి. అది కదలకపోతే తప్పు ఎల్ఈడీ వేడిది. కరెంటు స్థిరంగా ఇచ్చినా వేడెక్కేకొద్దీ వెలుగు తగ్గుతుంది. క్యూవెట్‌కు (ద్రావణం పోసే చిన్న పారదర్శక పాత్ర) ముందు 45 డిగ్రీల వాలులో గాజు పలక పెట్టి, కొంత వెలుగును రెండో ఫోటోడయోడ్‌కు మళ్లించి, రెండింటి నిష్పత్తి తీసుకోండి. డార్కే కదులుతుంటే బోర్డు మీద సోల్డరింగ్ ఫ్లక్స్ మిగిలిందేమో చూడండి. డయోడ్ కరెంటును వోల్టేజీగా మార్చే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 10 మెగాఓమ్‌లైతే ఆ జిడ్డులోంచి కారే కరెంటే చాలు, రీడింగ్ చెడిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి, బాగా ఆరాకే కరెంటివ్వండి.

జవాబు 2:
గ్రాఫ్ వంపుకు ముందు రియేజెంట్‌ను (గ్లూకోజ్‌తో కలిసి రంగిచ్చే రసాయనం) పక్కన పెట్టండి. మిఠాయిల్లో వేసే ఎర్ర రంగును నీళ్లలో సగం, సగం చొప్పున పలచన చేస్తూ కొలవండి. అదీ వంగితే తప్పు పరికరానిదే, ఎక్కువగా స్ట్రే లైట్. అసలు అబ్సార్బెన్స్ 2 ఉన్నప్పుడు క్యూవెట్‌ను తప్పించుకున్న వెలుగు 1 శాతం ఉన్నా 1.7 చూపిస్తుంది! క్యూవెట్ స్థానంలో రేకు ముక్క అడ్డం పెట్టి, ఎల్ఈడీ వెలిగించి, ఆర్పి చూడండి. ఆ రెండింటి తేడాయే మీ స్ట్రే లైట్. కంటికి నల్లగా కనిపించే కొన్ని ప్లాస్టిక్‌లు ఇన్‌ఫ్రారెడ్‌ను వదిలేస్తాయి, ఈ డయోడ్ దాన్ని బాగా పట్టుకుంటుంది. గది వెలుతురు అలా దూరుతుంది, అది ఎల్ఈడీ ఆర్పినప్పటి రీడింగ్‌లోనే తెలుస్తుంది. రేకు పరీక్షలో ఏమీ తేలకపోతే ఎల్ఈడీ రంగు పట్టీ వెడల్పే కారణం కావచ్చు, 10 నానోమీటర్ల ఫిల్టర్ వేయండి.

జవాబు 3:
తప్పకుండా పనికొస్తుందండీ, కానీ కట్టిన పరికరం చూపిస్తే చాలదు. ఒకే శాంపిల్ 20 సార్లు కొలిచి సీవీ (రీడింగుల మధ్య తేడా సగటులో ఎంత శాతమో) లెక్కగట్టండి, ప్రతి మార్పుకు ముందు, తర్వాత అంకెలు రాసిపెట్టండి. డిజైన్ ఉద్యోగంలో రోజూ చేసేది అదే. తర్వాత ఎస్‌జీపీటీ (కాలేయ ఎంజైమ్) పరీక్షకు వెళ్లండి. 340 నానోమీటర్లు, 37 డిగ్రీలు కావాలి, అక్కడ బీపీడబ్ల్యూ34 పని చేయదు, యూవీ డయోడ్ కొనాలి. భద్రతా ప్రమాణాల్లో చాలామంది ఒకచోట పొరబడతారు: రోగికి తగలని ల్యాబ్ పరికరానికి ఐఈసీ 60601 కాదు, 61010-1, దాంతోపాటు 61010-2-101. రిస్క్‌కు ఐఎస్ఓ 14971 చదవండి. ఫ్లో సెల్‌లో (శాంపిల్ పారుతూ కొలిచే క్యూవెట్) బుడగ, పంపు ట్యూబు సాగిపోవడం సర్వీసులో చూసినవాళ్లకే తెలుస్తాయి. మీ రిస్క్ ఫైల్ (ఏది ఎలా చెడుతుందో రాసే పత్రం) అక్కడి నుంచే మొదలుపెట్టండి.