మడోన్నా ఇమాక్యులేట్ కలెక్షన్: పాత పాటల ఆల్బమ్ 3 కోట్లు ఎలా అమ్ముడైంది?

పాటల_పిచ్చి:
అమెరికన్ పాప్ సింగర్ మడోన్నా 1990 నవంబర్‌లో వదిలిన హిట్స్ ఆల్బమ్ ఇమాక్యులేట్ కలెక్షన్ ఈమధ్య మళ్ళీ వింటున్నా, దాని లెక్కలు చూస్తే మాత్రం అస్సలు అర్థం కావట్లేదు, తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. మొత్తం 17 పాటలు, అందులో 15 అప్పటికే రేడియోలో అరిగిపోయినవే, కొత్తవి రెండంటే రెండు. అమెరికా చార్ట్‌లో నంబర్ 1 కూడా కాలేదు, 2 దగ్గరే ఆగిపోయింది. అయినా ప్రపంచం మొత్తం మీద 3 కోట్ల కాపీలు పోయాయని అంచనా, సోలో సింగర్ల హిట్స్ ఆల్బమ్స్‌లో ఇదే టాప్ అంటారు. ట్రూ బ్లూ, లైక్ ఎ వర్జిన్ లాంటి ఆమె అసలు ఆల్బమ్స్ కూడా దీని వెనకే ఉన్నాయి. పాటలన్నీ ఇంట్లో ఉన్నవాళ్ళు మళ్ళీ డబ్బులు పెట్టి ఎందుకు కొన్నట్టు? ఆ టైంలో నడిచిన గొడవల పబ్లిసిటీనా? లేక లెక్కలోనే ఏమైనా మతలబుందా, డబల్ ఆల్బమ్‌ని రెండుగా లెక్కేస్తారని ఎక్కడో విన్నా.

సీడీ_అల్మారా:
పాటలన్నీ ఇంట్లో ఉన్నాయి అన్నారు చూడండి, అక్కడే ఉంది అసలు సంగతి. చాలామంది ఇళ్ళల్లో అవి లేవు. క్రేజీ ఫర్ యూ 1985లో అమెరికాలో నంబర్ 1 అయిన పాట, కానీ అది ఒక సినిమా సౌండ్‌ట్రాక్‌లో వచ్చింది, అప్పటిదాకా మడోన్నా ఆల్బమ్ దేంట్లోనూ లేదు. ఇంటు ద గ్రూవ్ ఇంకా విచిత్రం, ఇంగ్లాండ్‌లో ఆమెకి మొదటి నంబర్ 1 అదే, అమెరికాలో మాత్రం దాన్ని ఏంజెల్ అనే పాట 12 అంగుళాల రికార్డ్‌కి వెనకవైపు వేశారంతే. వోగ్ పాట కావాలంటే ఐమ్ బ్రెత్‌లెస్ ఆల్బమ్ కొనాలి, అందులో మిగతావి చాలావరకు పాతకాలం జాజ్ బాణీలో ఉంటాయి, డాన్స్ పాటల కోసం కొన్నవాళ్ళకి అవి నచ్చకపోవచ్చు. అంటే 1983 హాలిడే దగ్గర్నుంచి 1990 వోగ్ దాకా ఆమె హిట్స్ అన్నీ వరసగా ఒకే డిస్క్ మీద దొరికింది ఇందులోనే మొదటిసారి.

ఇంకోటి టైమింగ్. అప్పుడు జనం ఎల్‌పీలు, క్యాసెట్‌లు వదిలేసి సీడీ ప్లేయర్లు కొనుక్కుంటున్నారు. కొత్తగా ప్లేయర్ కొన్నవాడికి పాత ఆల్బమ్స్ అన్నీ మళ్ళీ సీడీలో కొనాలంటే తడిసి మోపెడవుతుంది, ఇదొక్కటి కొంటే సరిపోయే. సీడీలో 74 నిమిషాలు పడతాయి, ఈ ఆల్బమ్ 73 నిమిషాల పైనే ఉంది, అంచు దాకా నింపేశారన్నమాట. మన దగ్గర అదే రోజుల్లో రికార్డింగ్ షాపుకెళ్ళి పాటల లిస్ట్ రాసిచ్చి ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించుకొచ్చేవాళ్ళం కదా, సినిమాకొక క్యాసెట్ ఎవరు కొంటారని. సరిగ్గా ఆ అవసరాన్నే అక్కడ కంపెనీ ముందే పసిగట్టి పండగ సీజన్‌కి షాపులో పెట్టింది.

చార్ట్_లెక్కలు:
డబల్ ఆల్బమ్ డౌట్‌కి నేను చెప్తా. ఆ రూల్ నిజమే, అమెరికాలో గోల్డ్ ప్లాటినం సర్టిఫికెట్లు ఇచ్చే ఆర్‌ఐఏఏ 100 నిమిషాలు దాటిన సెట్‌లో ఒక్కో డిస్క్‌ని ఒక్కో యూనిట్‌గా లెక్కేస్తుంది. మైకేల్ జాక్సన్ హిస్టరీ ఆల్బమ్ అలాగే పెద్ద నంబర్ చూపిస్తుంది, రెండు డిస్కులు కాబట్టి సర్టిఫికెట్‌లో సగమే అసలు సెట్లు. ఇమాక్యులేట్ కలెక్షన్‌కి ఈ గోల లేదు, సీడీలో ఒక్కటే డిస్క్, 100 నిమిషాలు దాటే ప్రశ్నే లేదు. అక్కడ దాని సర్టిఫికెట్ 11 సార్లు ప్లాటినం, అంటే అమెరికాలోనే కోటీ 10 లక్షలు. లైక్ ఎ వర్జిన్ కోటి, ట్రూ బ్లూ 70 లక్షలు. 3 కోట్లు అనేది మాత్రం ప్రపంచం మొత్తానికి వేసిన అంచనా, సర్టిఫికెట్ కాదు, ఈ రెండూ కలిపి మాట్లాడకూడదు.

నంబర్ 1 ఎందుకు కాలేదంటే ముందు వనిల్లా ఐస్ అనే రాపర్ కూర్చున్నాడు, అతని ఆల్బమ్ టు ద ఎక్స్‌ట్రీమ్ వరసగా 16 వారాలు కదల్లేదు. కానీ ఆ ఆల్బమ్ సర్టిఫికెట్ 7 ప్లాటినం దగ్గర ఆగింది, మడోన్నాది డైమండ్, అంటే కోటి, దాటింది. వారం చార్ట్ ఆ వారం ఎవరు ఎక్కువ అమ్మారో చెప్తుందంతే, ఇరవై ఏళ్ళపాటు షాపులో ఉండి నెమ్మదిగా పోతూ ఉండే సరుకు గురించి ఏమీ చెప్పదు. హిట్స్ ఆల్బమ్ బలం అక్కడే, కొత్తగా మడోన్నా వినడం మొదలుపెట్టిన ప్రతివాడూ ముందు దీన్నే తీసుకుంటాడు. ఇంగ్లాండ్‌లో అయితే వెంటనే కూడా కొట్టింది, 9 వారాలు నంబర్ 1. ఈ దారి చూపించింది ఈగల్స్ బ్యాండ్, 1976లో వచ్చిన వాళ్ళ హిట్స్ ఆల్బమే ఆర్‌ఐఏఏ ప్లాటినం ఇచ్చిన మొట్టమొదటి ఆల్బమ్, 2018లో 38 ప్లాటినంకి చేరి మైకేల్ జాక్సన్ థ్రిల్లర్‌ని కూడా దాటేసింది.

వోగ్_వాణి:
పై ఇద్దరూ చెప్పింది కరెక్టే కానీ ఆ రెండు కొత్త పాటల్ని మరీ తేలిగ్గా తీసేస్తున్నారు. జస్టిఫై మై లవ్ వీడియోని ఎమ్‌టీవీ వేయం అనేసింది, అప్పుడు కంపెనీ దాన్ని వీడియో క్యాసెట్ సింగిల్‌గా షాపుల్లో అమ్మేసింది, మడోన్నా ఏబీసీ చానల్ నైట్‌లైన్‌లో కూర్చుని నేను చేసింది తప్పు కాదని వాదించింది, ఇదంతా ఆల్బమ్ కొత్తగా షాపుల్లోకి వచ్చిన వారాల్లోనే. పాట 1991 జనవరిలో నంబర్ 1 అయింది. ఆమె బ్లాండ్ యాంబిషన్ టూర్ 1990 ఆగస్టులోనే ముగిసింది కాబట్టి ఆమె పేరు అప్పటికే అందరి నోళ్ళలో ఉంది. పాత పాటలు మాత్రమే ఉంటే అది ఒక జ్ఞాపకాల డబ్బాలా కనిపించేది, ఈ పాట వల్ల ఆ క్షణంలో జరుగుతున్న విషయంలా కనిపించింది. 2001లో వచ్చిన ఆమె ఇంకో హిట్స్ ఆల్బమ్ జీహెచ్‌వీ2 చూడండి, రే ఆఫ్ లైట్, మ్యూజిక్ లాంటి గొప్ప పాటలున్నాయి అందులో, కొత్త పాట ఒక్కటీ లేదు, అమెరికాలో 7వ నంబర్ దగ్గరే ఆగింది.

చార్ట్_లెక్కలు:
వాణి గారూ గొడవ మొదటి రెండు మూడు నెలల అమ్మకాలకి పనికొచ్చిందని ఒప్పుకుంటా. కానీ 2000లలో దీన్ని కొన్న కుర్రాళ్ళకి ఆ వీడియో గొడవ ఏం గుర్తుంటుంది, వాళ్ళు కొన్నది లైక్ ఎ ప్రేయర్ కోసం, లా ఇస్లా బొనీటా కోసం. జీహెచ్‌వీ2 తక్కువ పోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, 80ల పాటలన్నీ మొదటి దాంట్లోనే ఉండిపోయాయి కదా.

పాత_మిక్సే_ముద్దు:
అమ్మకాల సంగతి సరే, నన్ను బాధపెట్టే విషయం ఎవరూ ఎత్తట్లేదు. ఇందులో ఉన్నవి మనం రేడియోలో విన్న రికార్డింగ్స్ ఉన్నవి ఉన్నట్టు కాదు. రెండు స్పీకర్లతోనే శబ్దం చుట్టూ తిరుగుతున్నట్టు అనిపించే క్యూసౌండ్ అనే టెక్నిక్ వాడి షెప్ పెటిబోన్ వాళ్ళు మళ్ళీ మిక్స్ చేశారు, కొన్ని పాటల్ని కత్తిరించారు కూడా. లైక్ ఎ ప్రేయర్ 1989 ఆల్బమ్‌లో వినండి, తర్వాత ఇందులో వినండి, తేడా మీకే తెలుస్తుంది, ఆ కోరస్ వాళ్ళు ఎత్తుకునే చోట అసలు దాంట్లో ఉన్న బరువు ఇందులో లేదు నా దృష్టిలో. కోట్లమందికి ఆ పాట అంటే ఈ మిక్సే అయిపోయింది, అది నాకు నిజంగా నష్టంగా అనిపిస్తుంది. ఇంకా హూజ్ దట్ గర్ల్ అమెరికాలో నంబర్ 1 పాట, అయినా చోటు లేదు, ట్రూ బ్లూ ఇంగ్లాండ్‌లో నంబర్ 1, అదీ లేదు. హిట్స్ అన్నీ ఉన్నాయి అని సీడీ_అల్మారా గారు అన్నారు కానీ అన్నీ లేవండి.

సీడీ_అల్మారా:
ఆ రెండూ లేవు, నిజమే, కాజింగ్ ఎ కమోషన్ కూడా లేదు. కానీ ఒకే డిస్క్‌లో పెట్టాలన్న పట్టుదలే దాన్ని అమ్మిందని నా నమ్మకం, రెండు డిస్కులు చేసి ధర పెంచి ఉంటే ఇంతమంది కొనేవాళ్ళు కాదు. మిక్స్ విషయంలో మాత్రం ఎక్స్‌ప్రెస్ యువర్‌సెల్ఫ్‌కి నేను ఒప్పుకోను, పెటిబోన్ చేసిందే ఆ పాటకి ప్రాణం పోసింది, 1989 ఆల్బమ్ వెర్షన్ దాని ముందు మందకొడిగా ఉంటుంది.

పాటల_పిచ్చి:
అందరికీ థాంక్సండీ, సింగిల్ డిస్క్ సంగతి తెలిశాక లెక్కలమీద నాకున్న అనుమానం పోయింది. క్రేజీ ఫర్ యూ అంతకుముందు మడోన్నా ఆల్బమ్ దేంట్లోనూ లేదన్నది నాకు కొత్త. పాత మిక్స్‌లు ఎక్కడ వినాలి మరి?

పాత_మిక్సే_ముద్దు:
2009లో వచ్చిన హిట్స్ ఆల్బమ్ సెలబ్రేషన్ ఉంది కానీ దాన్ని నమ్ముకోకండి, అందులోనూ కొన్ని ఎడిట్‌లే. లైక్ ఎ ప్రేయర్, ట్రూ బ్లూ, మొదటి ఆల్బమ్ మడోన్నా, ఈ మూడూ పూర్తిగా వినండి, ముందు ట్రూ బ్లూలో లివ్ టు టెల్‌తో మొదలుపెట్టండి.